జబ్బు చెట్టుకైతే మనల్నెందుకు ఆపారు?

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. సెలవుల్లో అడవి బాటలో నడవాలని ఉత్సాహంగా వెళితే, మొదట్లోనే అడ్డంగా తాడు కట్టి, చెట్లకు తెగులు సోకిందనీ లోపలికి ఎవరూ రాకూడదనీ బోర్డు పెట్టారని రాశారు. మీలో అందరికంటే చిన్నది చివర ఒక వాక్యం చేర్చింది: "జబ్బు చెట్టుకైతే మనల్నెందుకు ఆపారు తాతయ్యా? పందుల్ని ఎవరూ ఆపలేదు కదా?" నిజానికి ఈ ప్రశ్నకు జవాబు ఆ బోర్డు మీదే ఉండవలసింది. చాలాచోట్ల నిషేధం పెద్ద అక్షరాలతో రాస్తారు కానీ కారణం రాయరు. కారణం తెలియని తాడును మనిషి ఇట్టే దాటేస్తాడు.

ఒక ఇంట్లో పిల్లవాడికి కళ్లకలక వచ్చిందనుకోండి. వాణ్ని ఒక గదిలో పడుకోబెడతారు. వాడు మంచం దిగకపోయినా, నాలుగు రోజులు గడిచేసరికి ఇంకో ఇంట్లో ఇంకో పిల్లకు కళ్లు ఎర్రబడతాయి. జబ్బును అక్కడికి చేర్చింది ఆ రోగి కాదు, వాణ్ని చూడవచ్చిన పెద్దమనిషి. ఆయన వాడి తువ్వాలు ముట్టుకుని, చెయ్యి కడుక్కోకుండా వెళ్లి, ఆ రెండో ఇంటి పిల్ల బుగ్గ నిమిరాడు. చెట్టు కూడా మంచం దిగలేని రోగే. మొలిచిన చోటే నిలబడి ఉంటుంది కనుక, దాని వేళ్లను పట్టిన జబ్బు తనంతట తాను పోగలిగే దూరం బహు తక్కువ. అంతకు మించి పోవాలంటే దానికి కాళ్లు కావాలి, వాటిని మనం అరువిస్తాము. అడవిలో తువ్వాలు అంటే నేల, చెయ్యి అంటే మన చెప్పు.

అటువంటి జబ్బుల్లో పేరుమోసినది ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవుల జాతి. చూపుకు బూజులా ఉన్నా అది నిజమైన శిలీంధ్రం కాదు, సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచులకు దూరపు చుట్టం. నేల తడిగా ఉన్నప్పుడు దాని సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటి సూక్ష్మకణాలు, రెండేసి తోకలతో, మట్టి రేణువుల మధ్య ఉన్న కాసిని నీళ్లలో ఈదుకుంటూ వెళ్లి, లేత పీచువేళ్లను పట్టుకుంటాయి. నేల ఎండినప్పుడు కొన్ని రకాలు మందమైన గోడ కట్టుకుని ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి. వేళ్లు కుళ్లిన చెట్టుకు చుట్టూ నీరున్నా తాగే దారి ఉండదు, అందుకని పై కొమ్మల దగ్గర మొదలుపెట్టి ఆకు పలచబడి ఎండిపోతుంది. కంటికి ఆననంతటి ఆ ప్రాణి ఇంత మానును ఎలా కూల్చగలదో పుస్తకంలో చదివితే అర్థమవుతుంది కానీ, మొదలు పట్టుకుని తలెత్తి చూస్తే మాత్రం నమ్మబుద్ధి కాదు.

న్యూజిలాండ్‌లో కౌరి అనే మహావృక్షాలు ఉన్నాయి. వాటిలో కొన్నింటి వయస్సు వెయ్యేళ్లు దాటింది. వాటిని పట్టింది కూడా ఫైటోఫ్తోరాయే. ఆహారం పీల్చే వాటి సన్నని వేళ్లు నేల పైపొరలోనే అల్లుకుని ఉంటాయి కనుక, మన అడుగు పడేది సరిగ్గా వాటి మీదనే. గుండుసూది తలంత మట్టి అంటుకుని వచ్చినా తెగులు వ్యాపించగలదని అక్కడివారు హెచ్చరిస్తారు. ఆక్లాండ్ పక్కనున్న వైటాకెరె కొండల్లో ఈ చెట్లు చనిపోతుంటే, ఆ నేలను తరతరాలుగా కనిపెట్టుకుని ఉన్న తె కావెరౌ ఆ మాకి అనే మావోరి జనం 2017 డిసెంబరులో రాహుయి ప్రకటించారు. అడవి కోలుకునేదాకా ఎవరూ అడుగుపెట్టవద్దన్న సంప్రదాయ నిషేధం అది. నగర పాలకమండలి తన అధికారంతో అక్కడి అడవిని చాలావరకు మూసివేసింది 2018 మే 1 నుంచి. ఆ అడవితో ఎక్కువ అనుబంధం ఉన్నవారే అందరికంటే ముందు దానికి దూరంగా నిలబడడానికి ఒప్పుకున్నారన్న సంగతి గమనించండి.

ఇక పందుల సంగతి. చిన్నదాని మాట నిజమే, పంది కూడా గిట్టలతో, ముట్టెతో మట్టిని మోస్తుంది. మన రోగి గదిలోకి పిల్లి దూరినట్లే అది, దానికి బోర్డు చదివి చెప్పలేము. అయితే పంది ఉదయం ఒక కొండ మీద తిరిగి, కారెక్కి, సాయంత్రానికి వంద మైళ్ల అవతలి అడవిలో దిగదు. ఆ పని చేయగలిగింది మనమే. పోతే, ఆ గదిలోకి అమ్మ వెళుతుంది, వైద్యుడు వెళతాడు, ఇద్దరూ లోపలికి వెళ్లే ముందూ బయటికి వచ్చాకా చేతులు కడుక్కుంటారు. అడవి సిబ్బంది లోపల తిరుగుతూ కనబడితే, వాళ్లకో న్యాయం మనకో న్యాయమా అని కోపం తెచ్చుకోకండి.

నా చిన్నతనంలో బడికి పోయే అడ్డదారి ఒక తోపు గుండా పోయేది. వాన పడితే దారి మధ్యలో బురద నిలిచేది. మేము పుస్తకాలు నెత్తిన పెట్టుకుని, బురద తప్పించుకుని పక్కనున్న గడ్డి మీద నడిచేవాళ్లము. రెండు రోజుల్లో అది కూడా బురదయ్యేది, ఇంకాస్త పక్కకు జరిగేవాళ్లము. జట్టులో అందరికంటే పొడుగువాడు బురద మధ్యగానే పోయి, మేము పిరికివాళ్లమని వెక్కిరించేవాడు. వానాకాలం ముగిసేసరికి మనిషి వెడల్పు దారి కాస్తా బండి పట్టేంత అయ్యేది, ఇరువైపులా చెట్ల వేళ్లు తొక్కుడుపడి పైకి తేలేవి. ఆ పొడుగువాడి పద్ధతే చెట్లకు మేలని ఎవరికీ తట్టలేదు. వైటాకెరెలో ఇప్పుడు బాటలను ఒక్కొక్కటిగా బాగుచేసి తెరుస్తున్నారు. తడి చోట్ల కంకర పోశారు, వేళ్లున్న చోట నేలకు ఎత్తుగా చెక్కబాటలు కట్టారు. కాలికి బురద అంటకపోతే పక్కకు జరగవలసిన పని లేదు, చెప్పుకు మట్టి అంటకపోతే మోసుకుపోయేదీ లేదు. తాడు కట్టడం ఒక్కపూట పని. తిరిగి తెరవాలంటే కష్టపడాలి, ఖర్చు పెట్టాలి. ఆ రెండో పని చేయకుండా తాడును మాత్రం ఏళ్లకేళ్లు ఉంచడం నాకు నచ్చదు.

బాట మూయడానికి మరొక కారణం కూడా ఉంది, ఇక్కడ నా కళ్లకలక పోలిక కుంటుతుంది, ఎందుకంటే కళ్లకలక వచ్చినవాడు చూడవచ్చినవారి నెత్తిన కూలడు. ఐరోపాలో యాష్ చెట్లను ఎండబెడుతున్న తెగులును మొదట 1992లో పోలండులో గమనించారు, బ్రిటన్‌లో 2012లో గుర్తించారు. దాని సిద్ధబీజాలు గాలిలో పోతాయి, కనుక మన కాళ్లను ఆపినంత మాత్రాన అది ఆగదు. అయినా బాటలు మూస్తున్నారు. తెగులు పట్టిన యాష్ కలప పెళుసెక్కి, కొమ్మలు హఠాత్తుగా విరిగిపడతాయి. చెట్టెక్కి నరకడం అలవాటున్నవారు కూడా దాన్ని ఎక్కడానికి జంకుతారు, యంత్రాలు తెప్పిస్తారు. బాట అంచున ఉన్నవాటిని కొట్టేసి దారి తెరుస్తారు. మనుషులు తిరగని చోట ఎండిన మానును పురుగులకూ పక్షులకూ వదిలేయవచ్చు. వేల్స్‌లో కుమ్‌కార్న్ అనే చోట తెగులు చెట్లు కొట్టడానికి అడవి గుండా పోయే దారిని 2014లో మూశారు. అక్కడి లార్చి చెట్లకు సోకింది ఫైటోఫ్తోరాయే. సుమారు 1,60,000 చెట్లు కొట్టవలసి వచ్చింది, ఆ దారి పూర్తిగా తెరుచుకునేసరికి 2021 అయింది. మూసిన ఏడాది బడిలో చేరిన పిల్ల, తెరిచేనాటికి మీలో పెద్దవాడంత అయి ఉంటుంది.

కాబట్టి ఈసారి తాడు కనబడితే, ఆపింది చెట్టును మన నుంచి కాపాడడానికా, మనల్ని చెట్టు నుంచి కాపాడడానికా అని అక్కడున్నవారిని అడగండి. మొదటిదైతే, తెరిచి ఉన్న పక్క బాటలో కూడా జాగ్రత్త పడాలి. బాట మొదట్లో బ్రష్షు, మందు పిచికారి పెట్టి ఉంటే, ముందు బ్రష్షుతో మట్టి అంతా రాల్చి, ఆ తర్వాతే మందు కొట్టాలి. మట్టి పొర మీద కొట్టిన మందు సరిగా పనిచేయదు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండుసార్లూ చేయాలి.

ఈలోగా మీకొక పని. ఇంటి చుట్టుపక్కల తిరిగి వచ్చిన రోజున, బూటు అడుగు గాడుల్లో ఇరుక్కున్న మట్టిని పుల్లతో గీకి ఒక చిన్న కుండీలో పరచండి. కుండీలో ఉన్న మట్టి దుకాణంలో కొన్న శుభ్రమైనదైతే మంచిది. రోజూ కాసిని నీళ్లు చిలకరించి, ఎండ తగిలేచోట పెట్టి, మూడు వారాలు చూడండి. ఏమైనా మొలిస్తే ఆకు బొమ్మ గీసి పంపండి, దాని గింజ ఎక్కడ అంటుకుని ఉంటుందో కూడా ఊహించి రాయండి.

మీ తాతయ్య