‘నా లక్ష్యం’ చార్టు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే చాలా చోట్ల ‘నా లక్ష్యం’ అని ఒక చార్టు గోడకెక్కుతుంది, కలెక్టర్, డాక్టర్, పోలీస్, ఆర్మీ అని పిల్లలు స్కెచ్ పెన్నులతో రాస్తారు, దసరా సెలవులు వచ్చేసరికి దాని వైపు చూసేవాళ్లుండరు. చాలా ఏళ్లు నేనూ అదే చేయించాను. ఎందుకు మానేశానో చెప్పాలంటే మనలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాల గురించి మాట్లాడుకోవాలి.

అపోహ: లక్ష్యం కాగితం మీద రాస్తే సగం పని అయిపోయినట్టే.

మోటివేషన్ క్లాసులకు వచ్చేవాళ్ల నోట ఈ కథ మీరూ వినే ఉంటారు. 1953లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించినవాళ్లలో 3 శాతం మందే లక్ష్యాలు రాసిపెట్టుకున్నారట, ఇరవయ్యేళ్లు గడిచాక చూస్తే వాళ్ల ఆస్తి మిగతా 97 శాతం మంది ఆస్తి మొత్తం కంటే ఎక్కువట. అలాంటి అధ్యయనం జరిగినట్టు ఆధారమే లేదు. దయచేసి పిల్లలకు ఈ కథ చెప్పకండి. లక్ష్యాల మీద దశాబ్దాల పాటు నిజంగా పరిశోధన చేసినవాళ్లు ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు. లక్ష్యం స్పష్టంగా, కాస్త కష్టంగా ఉండాలి, ఎంతవరకు వచ్చామో ఎప్పటికప్పుడు తెలుస్తుండాలి, వాళ్లు తేల్చింది ఇదీ. ‘బాగా చదువుతా’లో ఇవేవీ లేవు. ‘దసరా లోపు ఒక పేజీ ఆగకుండా పైకి చదువుతా’లో మూడూ ఉన్నాయి.

అపోహ: అడ్డంకుల గురించి మాట్లాడితే పిల్లలు నీరుగారిపోతారు.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది ఇదే. గాబ్రియెల్ ఓటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాల్లో తేలిందేంటంటే, కోరుకున్నది జరిగిపోయినట్టు ఊహించుకుని మురిసిపోయేవాళ్లలో దానికోసం పడే కష్టం తగ్గుతుంది, అదే ఊహ పక్కన తమలోని అడ్డంకిని కూడా పెట్టి చూసుకున్నవాళ్లు, అది అందేంత దూరంలో ఉన్న కోరికైతే, గట్టిగా పూనుకుంటారు. ఆ అడ్డంకి ఎదురైతే ఏం చేయాలో ముందే ఒక వాక్యంగా అనుకుని పెట్టుకుంటే ఇంకా మేలని పీటర్ గోల్‌విట్జర్ చూపించారు.

ఆ వాక్యం మనకేం కొత్త కాదు, చేదర్థకం. ‘వర్షాలు కురిస్తే పంటలు పండుతాయి’ అని వ్యాకరణంలో చెప్తాం కదా, అదే. అందుకే చేదర్థకం పాఠం చెప్పిన రోజే నేను ఈ పని మొదలుపెడతాను. నోట్‌బుక్ చివరి పేజీలో నాలుగు వాక్యాలు రాయాలి: ఈ టర్ములో నాకు కావాల్సింది ఏంటి, అది జరిగితే ఎలా ఉంటుంది, నాలో ఏది అడ్డుపడుతోంది, అది వస్తే నేనేం చేస్తా. మొదటి రెండూ ఐదు నిమిషాల్లో రాసేస్తారు. మూడోదానికి పీరియడ్ మొత్తం పట్టినా పట్టనివ్వండి.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె అక్కడ ‘టైం లేదు’ అని రాసింది. పక్కన కూర్చుని, టైం ఉన్న రోజు ఏమవుతుందమ్మా అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ‘తప్పు చదివితే నవ్వుతారు టీచర్’ అంది. దాని కింద తనే రాసుకుంది: ‘ఎవరైనా నవ్వితే ఆ పదం కింద వేలు పెట్టి, వాక్యం మళ్లీ మొదటి నుంచి చదువుతా.’ ధైర్యం గురించి నేను గంటసేపు చెప్పినా ఆ వాక్యం వచ్చేది కాదు.

అపోహ: నిగ్రహం, పట్టుదల కొందరికి పుట్టుకతో వస్తాయి, మిగతావాళ్లకు రావు.

దీనికి అందరూ చూపించేది స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన మార్ష్‌మాలో పరీక్ష. ఎదురుగా ఉన్న మిఠాయి తినకుండా ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని చెప్తారు. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూసినప్పుడు, ఇంటి పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకుంటే, ఆ సంబంధం బాగా తగ్గిపోయింది. నాకు ఆశ్చర్యం అనిపించలేదు. పత్తి తీతల రోజుల్లో వారానికి నాలుగు రోజులు చేనుకు వెళ్లే పిల్లవాడు మూడో వాక్యంలో ‘నా బద్ధకం’ అని రాస్తే నేను ఒప్పుకోను. ఆ అడ్డంకి వాడిలో లేదు. వాళ్లమ్మానాన్నలతో మాట్లాడాల్సింది నేను, మా హెచ్ఎం. బయటి అడ్డంకిని పిల్లల గుణం ఖాతాలో వేయడం అన్యాయం.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది.

ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాశారు, అది నోటా నోటా ఇలా మారింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే దాదాపు 66 రోజులు అని తేలింది, అది కూడా మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా వాళ్లే చెప్పారు. ఈ ఒక్క మాట పిల్లలకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ‘నిన్న చేయలేదు, ఇక నా వల్ల కాదు టీచర్’ అని వదిలేసేవాళ్లే ఎక్కువ.

అపోహ: అందరికీ కనపడేలా గోడ మీద పెడితేనే పట్టుదల వస్తుంది.

ఒక ఏడాది ఈ కాగితాలన్నీ గోడకి అంటించాను. ఒక అబ్బాయి నాలుగో వాక్యం ‘నాన్న తాగొచ్చి గొడవ చేస్తే పెద్దమ్మ వాళ్లింట్లో కూర్చుని చదువుకుంటా’ అని ఉంది. ఇంటర్వెల్‌లో అందరూ చదివారు. తర్వాత రెండు రోజులు వాడు బడికి రాలేదు. అది నా తప్పు, వాడికీ అదే చెప్పాను. అప్పటినుంచి ఆ పేజీ మడతపెట్టే ఉంటుంది. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఎవరిది వాళ్లు విప్పుకుని, ఈ వారం నాలుగో వాక్యం పనికొచ్చిందా అని చూసుకుంటారు, పనికిరాకపోతే కొట్టేసి ఇంకొకటి రాస్తారు. నాకు చూపించాలనుకున్నవాళ్లు తెచ్చి చూపిస్తారు. దీనికి మార్కులు వేయను.