పిన్ని బిడ్డకు బొంత కుట్టాలంటే

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

పిన్నికి పుట్టబోయే బిడ్డకు ఊలు స్వెట్టరు అల్లుదామని రాశారు. మే నెల విజయవాడలో పుట్టే బిడ్డకు ఊలుతో పనేముంది? బొంత కుట్టండి. కాన్పుకు ముందు కొత్త బట్టలు కొనకూడదని చాలా ఇళ్లలో పట్టింపు ఉంటుంది. పాత చీరతో కుట్టే బొంతకు ఆ పేచీ కూడా లేదు.

ఈ బొంత రోజుకు ఎన్నిసార్లు తడుస్తుందో ఎవరూ చెప్పలేరు. తడి పడగానే పీల్చుకోవాలి, ఉతికితే తొందరగా ఆరాలి. గుడ్డ ఎంపిక దగ్గర్నుంచి కుట్టు దాకా అన్నీ దీన్నిబట్టే ఉంటాయి.

అచ్చమైన నూలు చీరే కావాలి. పాలిస్టర్ కలిసింది తడి పీల్చదు, ఒళ్లు ఉక్కపోస్తుంది. చూస్తే తెలియకపోతే అంచు నుంచి రెండు పోగులు లాగి, పెద్దవాళ్లని పక్కన పెట్టుకుని నిప్పు అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసనతో మండి మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టర్ అయితే కరిగి, చల్లారాక గట్టి ఉండ మిగులుతుంది. ఏళ్ల తరబడి కట్టి ఉతికిన వెంకటగిరి నూలు చీర దొరికితే అంతకు మించింది లేదు. మంగళగిరి చీరా మంచిదే గానీ, జరీ అంచు కత్తిరించేయాలి. జరీ పసి ఒంటికి గీసుకుంటుంది. అమ్మని అడక్కుండా బీరువా మీద పడకండి మరి.

గంజి పెట్టిన చీరైతే వేడినీళ్లలో రాత్రంతా నానేసి, బాగా జాడించి ఎండలో ఆరేయండి. బట్టలు మెత్తబడటానికని ఉతుకులో పోసే కండిషనర్ వద్దు. అది పోగుల మీద పూతలా పట్టి తడి పీల్చనివ్వదు. తడిపిన తెల్లగుడ్డతో చీరను ఒకచోట రుద్ది చూడండి. రంగు అంటితే ఆ చీర పనికిరాదు.

చీర అంతా ఒకేలా అరగదు. కూర్చునే చోట, కుచ్చిళ్ల కింది అంచు దగ్గర, భుజం మీద పిన్ను పెట్టే చోట ముందు పలచబడుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ చోట్లు తెలిసిపోతాయి. రెండు చేతులా పట్టి లాగండి. పర్రుమని చిరిగితే ఆ భాగం లోపలి పొరకు కూడా వద్దు.

చీర పొడవు ఇంచుమించు 5.5 మీటర్లు, అంటే 216 అంగుళాలు. పన్నా 45 అంగుళాలు ఉంటే, అంచులు తీసేశాక 39 దాకా మిగులుతుంది. 30 అంగుళాలకొకటి చొప్పున అడ్డంగా కోస్తే లెక్కకు ఏడు ముక్కలొస్తాయి, అరిగినవి పోను ఐదో ఆరో. బొంతకు కావలసింది నాలుగు. ఎక్కువ పొరలైతే మెత్తగా ఉంటుందని ఆరేడు వేయకండి. మీ బొంత వానాకాలంలోనే ఎక్కువ వాడకానికి వస్తుంది. మందపాటి బొంత పైకి ఆరినట్టు కనిపించినా లోపల చెమ్మ ఉండిపోతుంది, ముక్కవాసన కొడుతుంది. దూది అసలే వద్దు, నాలుగు ఉతుకులకే ఉండలు కడుతుంది.

కోసేముందు అడ్డంగా ఒక పోగు లాగండి. గుడ్డలో సన్నగీత పడుతుంది, ఆ గీత వెంట కత్తెర నడిపితే వంకర పోదు. పై పొర, అడుగు పొర 38కి 30 అంగుళాలు, లోపలి రెండూ 37కి 29 అంగుళాలు ఉండాలి. పైకి జరీ లేని కొంగు ముక్క పెడితే అందం. పెద్ద పొరల అంచులు అన్నివైపులా అరంగుళం లోపలికి మడిస్తే చిన్న పొరలు వాటి నడుమ దాగిపోతాయి.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే. పొరలు పరచగానే చుట్టూ అంచులు కుట్టేస్తారు. అప్పుడు లోపలి ముడతలకు పోయే దారి ఉండదు, అన్నీ నడుమకు చేరి గుట్టపడతాయి. నేలమీద పరిచి, అరచేత్తో సర్ది, ముందు నడుమ నుంచి నాలుగు మూలలకూ కచ్చా కుట్టు, అంటే పొరలు కదలకుండా వేసి ఆఖరున పీకేసే కుట్టు, వేయండి. తర్వాత ఆరు అంగుళాలకొక కచ్చా వరుస. అసలు కుట్టు సూది పైకీ కిందికీ పోనిచ్చే మామూలు కుట్టే, అది కూడా నడిమి వరుసతో మొదలుపెట్టి అటూ ఇటూ జరగాలి, వరుసకూ వరుసకూ ఒకటిన్నర అంగుళం ఎడం. అంచులు ఆఖరున.

దారం తెల్ల నూలుదే, రెండు పేటలుగా, రెట్టించాక మూరెడు ఉంటే చాలు. మాటిమాటికీ సూదిలో ఎక్కించడానికి బద్ధకించి బారెడు తీస్తే చిక్కులు పడుతుంది. దబ్బనం వాడొద్దు. పాత గుడ్డకు పెద్ద కన్నం పడితే అక్కడే చిరుగు మొదలవుతుంది. అయిదారు కుట్లకొకసారి గుడ్డను బొటనవేలితో సాగదీసి సర్దండి, లేకపోతే దారం బిగిసి గుడ్డ కుచ్చులు పడుతుంది.

కుట్టు పావు అంగుళం దాటకూడదు. ఇది అందం కోసం కాదు. పొడుగాటి కుట్టు వదులైతే పసివాళ్ల కాలివేలు అందులో ఇరుక్కుని, దారం చుట్టుకుని నెత్తురు ఆడదు. బిడ్డ ఎందుకేడుస్తోందో ఎవరికీ అంతుపట్టదు. అందుకే ముడులు పొరల మధ్యకు పోవాలి, కుచ్చులు, పూసలు, అద్దాలు, బొత్తాలు ఏవీ ఉండకూడదు. కాంథా అనే బెంగాల్ బొంతల మీద ఇదే కుట్టుతో చేపలు, పూలు తీరుస్తారు. చెయ్యి కుదిరాక ఒక మూల మీరూ ప్రయత్నించండి. పేరు మాత్రం కుట్టకండి, దానికి బారసాల దాకా ఆగాలి.

ఎన్ని సూదులు, గుండుసూదులు తీశారో మొదట్లోనే కాగితం మీద రాసుకోండి. ఆఖరున లెక్క సరిపోకపోతే, సరిపోయేదాకా బొంత బయటికి ఇవ్వొద్దు. కచ్చా కుట్టు పీకేసి, ఒకసారి ఉతికి, ఎండలో వేసి ఇస్త్రీ చేయండి. ఇది ఒళ్లో వేసుకోవడానికి, కింద పరవడానికే. నిద్రపోయే బిడ్డ మీద కప్పొద్దు, ముఖం మీదికి జరిగితే ఊపిరాడదని పిన్నికీ చెప్పండి.

ఒక్కటి చాలదు. ఒకటి ఆరుతుండగా ఇంకొకటి కావాలి కాబట్టి వీలైతే రెండో చీర కూడా చూడండి. మిగిలిన ముక్కలు పొత్తిగుడ్డలకు పనికొస్తాయి. వాటి అంచులు మడిచి కుట్టకండి, మడత గట్టిగా ఉండి ఒరుసుకుంటుంది. వేలాడే పోగులు మాత్రం ప్రతి ఉతుకు తర్వాతా చూసి కత్తిరించాలి.

మీ అమ్మమ్మ