ఓపెన్ ప్రైమరీ: టెక్సాస్ పోలింగ్ బల్ల దగ్గర వినిపించే అపోహలు

టెక్సాస్‌లో పోలింగ్ సిబ్బందిగా పనిచేసే నన్ను, అమెరికా పౌరసత్వం వచ్చి తొలిసారి ఓటు వేసే తెలుగువారు ప్రైమరీ గురించి తరచూ అడుగుతుంటారు. మన దగ్గర పార్టీ అధిష్ఠానం బి-ఫారం ఇచ్చి తేల్చే విషయాన్ని, అంటే నవంబరు ఎన్నికలో పార్టీ తరఫున ఎవరు నిలబడాలన్నదాన్ని, ఇక్కడ ప్రైమరీలో ఓటర్లే తేలుస్తారు. ఏ పార్టీలోనూ నమోదు కాకుండానే ఓటరు తనకు నచ్చిన పార్టీ ప్రైమరీలో ఓటు వేయగలిగితే దాన్ని ఓపెన్ ప్రైమరీ అంటారు.

అపోహ: ఓపెన్ కాబట్టి ఒక పదవికి ఈ పార్టీలో, మరో పదవికి ఆ పార్టీలో ఓటు వేయవచ్చు.

వాస్తవం: కుదరదు. టెక్సాస్ ఓటరు నమోదులో పార్టీ ప్రస్తావనే ఉండదు కనుక, ఏ పార్టీ ప్రైమరీలో ఓటు వేస్తారో పోలింగ్ కేంద్రంలోనే చెప్పాలి. ఆ పార్టీ బ్యాలెట్ మాత్రమే ఇస్తారు. విస్కాన్సిన్‌లోనైతే పార్టీ ఎంపిక కూడా రహస్యంగానే జరుగుతుంది. కాలిఫోర్నియాలో 2010లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 14 తెచ్చిన పద్ధతి వేరు: అధ్యక్ష పదవి మినహా అందరి పేర్లూ ఒకే జాబితాలో ఉంటాయి, మొదటి ఇద్దరూ ఒకే పార్టీవారైనా నవంబరుకు వెళ్తారు. దాన్నీ ఓపెన్ ప్రైమరీ అనడం వల్లే సగం గందరగోళం.

అపోహ: ఒకసారి ఒక పార్టీని ఎంచుకుంటే ఇక ఎప్పటికీ దానికే కట్టుబడాలి.

వాస్తవం: నవంబరులో ఎవరికైనా వేయవచ్చు. మెలిక రనాఫ్‌లో ఉంది. మార్చిలో జరిగే ప్రైమరీలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మే నెలలో మళ్లీ పోటీ జరుగుతుంది. మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో ఓటేసిన ఒక పెద్దాయన మేలో రెండో పార్టీ బ్యాలెట్ అడిగారు. ఇవ్వడం కుదరదని చెబితే, “ఓపెన్ అన్నారు కదండీ” అంటూ లైసెన్సు కార్డు బల్ల మీదే వదిలేసి నిలబడ్డారు. మార్చిలో అసలు ఓటే వేయని ఆయన భార్య మాత్రం, రెండింటిలో తనకు నచ్చిన పార్టీ రనాఫ్‌లో ఓటు వేసి వచ్చారు.

అపోహ: మనం ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నదీ బయటకు రాదు.

వాస్తవం: ఎవరికి వేశారన్నది రహస్యం, ఏ పార్టీ ప్రైమరీలో వేశారన్నది బహిరంగ రికార్డు. ఆ తర్వాత వచ్చే ఫోన్లకూ కరపత్రాలకూ మూలం అదే.

అపోహ: ప్రత్యర్థి పార్టీవారు మన ప్రైమరీలో చొరబడి బలహీనమైన అభ్యర్థిని గెలిపిస్తారు.

వాస్తవం: చట్టం అడ్డు చెప్పదు గానీ, అలా చేసేవారు సొంత పార్టీలో స్థానిక న్యాయమూర్తుల వరకు అన్ని పోటీలనూ వదులుకోవాలి. నేను గమనించినంతలో, నవంబరు ఫలితం ముందే తెలిసిపోయే నియోజకవర్గాల్లో గెలిచే పార్టీ ప్రైమరీకి వచ్చే అవతలి పార్టీవారిలో, అసలు నిర్ణయం అక్కడే జరుగుతుందని తెలిసి వస్తున్నవారే ఎక్కువ.