దూరపు పరుగు, షుగరు, ఇన్సులిన్: అపోహలు - వాస్తవాలు

మధుమేహానికి వైద్యం చేసే నా దగ్గరకు ఈమధ్య పరుగు మీద మనసుపడ్డవాళ్లు ఎక్కువగా వస్తున్నారు. పది కిలోమీటర్లతో మొదలుపెట్టి హాఫ్ మారథాన్ పూర్తిచేసి, ఇక మారథాన్ అంటున్నారు. వాళ్లను చూస్తే సంతోషంగా ఉంటుంది, లోపల కొంత గుబులుగానూ ఉంటుంది. ఇన్సులిన్ తీసుకుంటూ పరుగెత్తేవారికి నలుగురూ చెప్పే సలహాల్లో ప్రాణం మీదకు తెచ్చేవి కూడా ఉన్నాయి. నేను తరచుగా వినే కొన్నింటి గురించి ఇక్కడ రాస్తున్నాను. టైప్-1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని మధుమేహం) ఉన్నవారిని, ఇన్సులిన్ తీసుకునే టైప్-2 వారిని ముఖ్యంగా దృష్టిలో పెట్టుకున్నాను. షుగరు అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చాను. మోతాదులు మాత్రం మీ డాక్టరుతో కూర్చుని మాట్లాడాకే మార్చుకోండి.

అపోహ: బయలుదేరేటప్పుడు షుగరు 120 ఉంది, ఇక భయం లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మన ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. షుగరు 120 ఉందంటే ఆ రక్తమంతటిలో కలిపి ఉన్న గ్లూకోజు ఆరు గ్రాములు. చిన్న చెంచాడు చక్కెర కంటే కాస్త ఎక్కువ, అంతే. పరుగులో ఉన్న కండరాలు నిమిషానికి అర గ్రాము నుంచి గ్రాము దాకా గ్లూకోజును రక్తంలోంచి లాక్కోగలవు. ఆ లెక్కన ఆరు గ్రాములు పది నిమిషాలకు అటూ ఇటూగా అయిపోవాలి. అలా అయిపోకుండా కాపాడేది కాలేయం. అది తన నిల్వల్లోంచి గ్లూకోజును ఎప్పటికప్పుడు రక్తంలోకి వదులుతూ ఉంటుంది.

మధుమేహం లేనివారు పరుగు మొదలుపెట్టగానే క్లోమం ఇన్సులిన్‌ను తగ్గించేస్తుంది. దాంతో కాలేయానికి దారి తెరుచుకుంటుంది. ఇన్సులిన్ వేసుకునేవారి విషయం అలా కాదు. గంటన్నర క్రితం భోజనానికి వేసుకున్న ఇన్సులిన్ సరిగ్గా అప్పుడే ఉచ్చస్థితిలో ఉంటుంది. గ్లూకోజు వదలవద్దని కాలేయాన్ని కట్టేస్తుంది, లాక్కోమని కండరాలను తొందరపెడుతుంది. కదులుతున్న కండరానికైతే గ్లూకోజు తీసుకోవడానికి ఇన్సులిన్ ఆజ్ఞ కూడా అక్కర్లేదు, తనంతట తానే తీసుకుంటుంది. అంటే ఖర్చు రెండు వైపుల నుంచి పెరిగింది, రాబడి ఆగిపోయింది. చర్మం కిందకు ఒకసారి వెళ్లిన ఇన్సులిన్‌ను వెనక్కి పిలవలేం. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద రాసిన అపోహల్లో చాలావాటికి మీకే జవాబు తోస్తుంది.

అదే 120తో, గత నాలుగు గంటల్లో భోజనపు ఇన్సులిన్ వేసుకోకుండా బయలుదేరినవారు గంటసేపు హాయిగా పరుగెత్తి రావచ్చు. అందుకే నేను మొదట అడిగేది షుగరు ఎంత అని కాదు. చివరి ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత వేసుకున్నారు అని. ఆ తర్వాతే అంకె, ఆ అంకె పెరుగుతోందా తగ్గుతోందా అన్నది. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం టైప్-1 వారి వ్యాయామంపై ఇచ్చిన మార్గదర్శకాలు, ఇలాంటి పరుగుకు ముందు షుగరు 126 నుంచి 180 మధ్య ఉండటం చాలామందికి అనువైనదని చెప్పాయి. 90 కంటే తక్కువ ఉంటే 10 నుంచి 20 గ్రాముల గ్లూకోజు తీసుకుని, అంకె పైకి వచ్చాకే కదలాలి.

అపోహ: ముందు గట్టిగా తింటే చాలు, ఇన్సులిన్ ఎప్పటి మోతాదే వేసుకోవచ్చు.

తిండి పెంచి, దానికి తగ్గట్టు ఇన్సులిన్ కూడా పెంచితే పరుగులో షుగరు పడిపోయే ప్రమాదాన్ని మనమే పెంచుకున్నట్టు. పరుగుకు ముందు గంటన్నర, రెండు గంటల్లోపు తింటే ఆ భోజనపు ఇన్సులిన్‌ను 25 నుంచి 75 శాతం దాకా తగ్గించాల్సి రావచ్చు. ఎంత తగ్గించాలన్నది పరుగు వేగం మీద, నిడివి మీద ఆధారపడుతుంది. గంటసేపు మధ్యస్థ వేగంతో సాగే పరుగుకు తగ్గింపు 75 శాతం దాకా వెళ్లవచ్చు.

ఒంటికి తగిలించుకుని ఇన్సులిన్‌ను కొద్దికొద్దిగా ఎక్కించుకునే పంపు వాడేవారు చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. బూట్ల లేసులు కట్టుకుంటూ పంపు ఆపేసి, ఇక ఇన్సులిన్ ఆగిపోయిందనుకుంటారు. అంతకు ముందు గంటలో వెళ్లిన ఇన్సులిన్ చర్మం కింద పనిచేస్తూనే ఉంటుంది. బేసల్‌ను (రోజంతా నెమ్మదిగా వెళ్లే ఇన్సులిన్‌ను) 50 నుంచి 80 శాతం తగ్గించడం పరుగుకు గంట, గంటన్నర ముందే జరగాలి. రోజుకొకసారి వేసుకునే దీర్ఘకాలిక ఇన్సులిన్లలో డెగ్లుడెక్ ప్రభావం 42 గంటలకు పైగా ఉంటుంది కాబట్టి, పందెం రోజు ఉదయం దాన్ని తగ్గించి ఆ పందెంలోనే ఫలితం ఆశించడం వృథా. ఇక పరుగుకు ముందు తొడలో ఇంజెక్షన్ చేసుకోవద్దు. పనిచేసే కాలికి రక్తం ఎక్కువగా ప్రవహిస్తుంది, ఇన్సులిన్ అనుకున్నదానికంటే త్వరగా ఒంట్లో కలుస్తుంది.

అపోహ: పరుగెత్తితే షుగరు ఎప్పుడూ తగ్గుతుంది.

నిలకడగా సాగే పరుగులో తగ్గుతుంది. మధ్యమధ్యలో విరామమిస్తూ వేగంగా చేసే ఇంటర్వెల్ శిక్షణలో, పందెం మొదట్లో పెరగవచ్చు. అడ్రినలిన్ కాలేయాన్ని గట్టిగా కదిలిస్తుంది. వచ్చే గ్లూకోజు కండరాలు వాడుకునేదానికంటే ఎక్కువైపోతుంది.

నా దగ్గరకు వచ్చే ఒక యువకుడికి శిక్షణలో ఎప్పుడూ 150 దగ్గర ఉండే షుగరు, మొదటి హాఫ్ మారథాన్ రోజు ఆరంభానికి అరగంట ముందు 240కి చేరింది. గాభరాపడి, ఇంట్లో ఉన్నప్పుడు 240 కనిపిస్తే ఎంత వేసుకునేవాడో అంతా వేసుకున్నాడు. పరుగు మొదలై ఉత్సాహం సద్దుమణిగాక అడ్రినలిన్ దిగింది, ఇన్సులిన్ ఎక్కింది. తొమ్మిదో కిలోమీటరు దగ్గర పెదవులు తిమ్మిరెక్కాయి. జేబులో తీపి జెల్ పొట్లం ఉంది. చేతులు వణుకుతుంటే దాని మూత చింపడం అతనికి చేతకాలేదు. పక్కన పరుగెత్తుతున్న అపరిచితురాలు ఒకామె ఆగి పళ్లతో కొరికి విప్పి నోటికి అందించింది.

పందెం ముందు ఉద్వేగం వల్ల పెరిగిన షుగరుకు ఇన్సులిన్ వేసుకోకపోవడమే చాలాసార్లు మంచిది. తప్పదనుకుంటే, డాక్టరుతో ముందే అనుకున్న సగం మోతాదో ఇంకా తక్కువో వేసుకోవాలి. అదే యువకుడు తర్వాతి పందెంలో 230 చూసి ఏమీ వేసుకోలేదు. పది నిమిషాలు తేలికగా నడిచి వరుసలో నిలబడ్డాడు. అయిదో కిలోమీటరుకు 180కి వచ్చింది.

అపోహ: షుగరు బాగా ఎక్కువగా ఉంటే పరుగెత్తి కరిగించవచ్చు.

ఇక్కడ తేడా గమనించాలి. ఉద్వేగం వల్ల పెరిగిన షుగరు వేరు, ఒంట్లో ఇన్సులిన్ లేక పెరిగిన షుగరు వేరు. మోతాదు మరిచిపోయినా, పంపు గొట్టం మూసుకుపోయినా, అంకె ఎంత పెద్దదైనా కణాలు మాత్రం ఆకలితోనే ఉంటాయి. ఆ స్థితిలో పరుగు పెడితే షుగరు ఇంకా పెరుగుతుంది, కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పోగుపడతాయి. కారణం తెలియకుండా 270 దాటితే కీటోన్లు చూసుకోవాలి. రక్తంలో అవి లీటరుకు 1.5 మిల్లీమోల్స్, ఆపైన ఉంటే పరుగు మాట మరిచిపోయి వెంటనే చికిత్స చూసుకోవాలి. 0.6 నుంచి 1.4 మధ్య ఉంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. వీటితో షుగరు మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు ప్రమాదస్థాయికి చేరవచ్చు. సుదీర్ఘమైన పరుగు, తక్కువ తిండి, నీరు తగ్గడం, ఈ మూడూ కలిస్తే ముప్పు పెరుగుతుంది. పరుగు తర్వాత వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస ఉంటే అలసట అని సరిపెట్టుకోవద్దు. పెద్ద పందేనికి ఎన్ని రోజుల ముందు ఈ మాత్ర ఆపాలో డాక్టరును తప్పకుండా అడగండి.

అపోహ: పరుగు అయిపోయింది, షుగరు 140 ఉంది. గండం గడిచింది.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆ తర్వాతి రాత్రి. మారథాన్‌కు సిద్ధమవుతున్న ఒకామె సాయంత్రం 28 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, మామూలుగా భోజనం చేసి, మామూలు మోతాదు వేసుకుని, 150తో పడుకుంది. రాత్రి రెండున్నరకు దుప్పటి తడిగా తగిలి భర్తకు మెలకువ వచ్చింది. ఆమె చెమటతో ముద్దయి ఉంది, పిలిస్తే అర్థంలేని మాటలు మాట్లాడుతోంది. మీటరులో 41. గ్లూకోజు నీళ్లు గుటక వేయగలిగే స్థితిలో ఉంది కాబట్టి గట్టెక్కింది.

పరుగులో ఖాళీ అయిన నిల్వలను కండరాలు గంటల తరబడి నింపుకుంటూనే ఉంటాయి. ఇన్సులిన్ మామూలుకంటే బాగా పనిచేసే ఆ స్థితి 24 నుంచి 48 గంటల దాకా ఉండవచ్చు. మధ్యాహ్నం, సాయంత్రం చేసిన వ్యాయామానికి గ్లూకోజు అవసరం రెండుసార్లు పెరుగుతుంది. ఒకటి వెంటనే, రెండోది ఏడు నుంచి పదకొండు గంటల తర్వాత. ఆ రెండోది నిద్రవేళకు వస్తుంది. నిద్రలో ఒంటి హెచ్చరికలు కూడా మందగిస్తాయి.

కాబట్టి సుదీర్ఘ పరుగు తర్వాతి భోజనానికి ఇన్సులిన్ సుమారు సగానికి తగ్గించడం, ఆ రాత్రి బేసల్‌ను 20 శాతం దాకా తగ్గించడం, పడుకునే ముందు కొంచెం తినడం, రాత్రి ఒకసారి లేచి చూసుకోవడం గురించి డాక్టరుతో మాట్లాడండి. ఆ రాత్రి మద్యం జోలికి వెళ్లవద్దు, అది కాలేయం చేతులు కట్టేస్తుంది. ఆమె ఇప్పుడు సుదీర్ఘ పరుగులన్నీ ఉదయానికి మార్చుకుంది. ఒంటికి ఆ అవసరం వచ్చే సమయానికి మెలకువగా ఉంటుంది.

ఉదయం ఏమీ తినకుండా పరుగెత్తడం ఇన్సులిన్ వాడేవారికి ప్రమాదమని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలామందికి షుగరు పడిపోయే ముప్పు తక్కువగా ఉండేది అప్పుడే, ఎందుకంటే ఒంట్లో భోజనపు ఇన్సులిన్ ఉండదు. కొందరికి కొంచెం పెరుగుతుంది కూడా.

అపోహ: సెన్సర్ పెట్టుకున్నాను, వేలు గుచ్చుకునే పని లేదు.

చర్మానికి అతికించుకునే ఈ సెన్సర్ కొలిచేది రక్తంలో గ్లూకోజును కాదు, కణాల మధ్య ద్రవంలో ఉన్నదాన్ని. షుగరు వేగంగా పడుతున్నప్పుడు అది వెనకబడుతుంది. తెర మీద 92 కనిపిస్తుండగా వేలి చుక్కలో 63 ఉండటం నేను చూశాను. ఒంటికి తేడాగా అనిపిస్తే సెన్సర్ ఏం చెప్పినా ఒంటినే నమ్మి, వేలు గుచ్చి చూసుకోండి. అయితే జెల్ అంటిన వేలిని గుచ్చితే మీటరు ఉన్నదానికంటే చాలా ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? నీటితో కడిగి, తుడుచుకుని గుచ్చండి.

అపోహ: హైపో (షుగరు బాగా పడిపోవడం) వస్తే నాకు ముందే తెలిసిపోతుంది.

పరుగులో చెమట, గుండెదడ, నీరసం ఎలాగూ ఉంటాయి. హైపో లక్షణాలూ అవే. పైగా నిన్న ఒకసారి షుగరు పడిపోయి ఉంటే ఈ రోజు ఒంటి హెచ్చరిక ఇంకా బలహీనంగా ఉంటుంది. గత 24 గంటల్లో ఇతరుల సాయం అవసరమైనంత తీవ్రమైన హైపో వచ్చి ఉంటే ఆ రోజు పరుగు వద్దు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

మధ్యలో తీపి జెల్ తీసుకుంటే షుగరు నియంత్రణ చెడుతుందని వెనకాడేవారికి ఒక్క మాట. గంటకు మించిన పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు మీకూ అవసరమే. రెండున్నర గంటలు దాటితే గ్లూకోజు, ఫ్రక్టోజు కలిసినవి 90 గ్రాముల దాకా తీసుకునేవారున్నారు. ఒకేసారి కాకుండా ఇరవై నిమిషాలకొకసారి కొద్దికొద్దిగా తీసుకోండి, శిక్షణలోనే అలవాటు చేసుకోండి.

టైప్-1 వస్తే పెద్ద స్థాయి క్రీడలు ముగిసినట్టేనా? అమెరికా ఈతగాడు గ్యారీ హాల్ జూనియర్‌కు 1999లో టైప్-1 బయటపడింది. 2000 సిడ్నీలోనూ, 2004 ఏథెన్స్‌లోనూ 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. పోటీల్లో పైకి వెళ్లాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. ఇన్సులిన్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధిత జాబితాలో ఉంది. చికిత్స కోసం వాడుతున్నట్టు ముందుగానే మినహాయింపు పత్రం తీసుకోవాలి.

అపోహ: షుగరు పడితే వేగం తగ్గించి నడిస్తే సర్దుకుంటుంది.

సర్దుకోదు. నడిచే కండరం కూడా గ్లూకోజు తీసుకుంటూనే ఉంటుంది. 70 కంటే తగ్గితే ఆగి కూర్చోండి. 15 నుంచి 20 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోండి. 54 కంటే కిందకు వెళ్లి ఉంటే ఆ రోజుకు పరుగు అంతటితో ఆపేయండి. గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉందిలే అనుకోవద్దు. అది కాలేయంలోని నిల్వను బయటకు తీస్తుంది. ముప్పై కిలోమీటర్ల తర్వాత ఆ నిల్వే అడుగంటి ఉండవచ్చు. మధుమేహం ఉందని తెలిపే పట్టీ చేతికి ఉండాలి, తోడుగా పరుగెత్తేవారికి విషయం తెలిసి ఉండాలి. గ్లూకోజు తర్వాతి నీళ్ల బల్ల దగ్గర కాదు, మీ జేబులోనే ఉండాలి.

జెల్ విప్పుకోలేకపోయిన ఆ యువకుడు ఇప్పుడు పందెం ముందురోజు రాత్రి గ్లూకోజు బిళ్లలను గట్టి మూత ఉన్న గొట్టంలోంచి తీసి, తాడు లాగితే నోరు తెరుచుకునే చిన్న గుడ్డ సంచిలో వేసుకుంటాడు. మూడు వేళ్లతో, చూడకుండా, వణుకుతూ కూడా తెరవగలనో లేదోనని ఇంట్లోనే పదిసార్లు తెరిచి చూసుకుని పడుకుంటాడు.