61,123 సంతకాలు

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

"ఓట్లు చీలిపోయి వాడు గట్టెక్కాడు" అని పెద్దవాళ్ళు అనుకోవడం మీరు వినే ఉంటారు. ఓటు చీలడమేమిటి, చీలకుండా చెయ్యలేమా అని అడిగారు కదా. చెయ్యొచ్చు. అమెరికాలో మేన్ అనే చిన్న రాష్ట్రంలో మామూలు జనం అట్టలూ పెన్నులూ పట్టుకుని ఊరూరా తిరిగి, ఓటు వేసే పద్ధతినే మార్పించారు. ఆ పని ఎలా సాగిందో, ఎక్కడ దెబ్బ తిన్నదో రాస్తాను. ఉత్తరం కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

ముందు చీలిక సంగతి. పెళ్ళివారింట్లో 30 మంది ఉన్నారు, రేపు పొద్దున టిఫిన్ ఒక్కటే చేస్తారు, ఏది కావాలో ఓటెయ్యమన్నారు అనుకోండి. ఉప్మాకి 11, పెసరట్టుకి 10, మసాలా దోశకి 9 పడ్డాయి. మనకి అలవాటైన లెక్కలో ఉప్మా గెలిచింది. 19 మంది అట్టు జాతి కావాలన్నవాళ్ళే, కానీ రెండు అట్ల మధ్య ఓటు చీలింది. (ఉప్మా అంటే నాకేమీ పగ లేదు. లెక్క కోసం దాన్ని నిలబెట్టాను.)

ఇప్పుడు అదే 30 మందికీ చీటీలిచ్చి 1, 2, 3 అని వరస రాయమందాం. మొదటి ప్రాధాన్యత ఓట్లలో సగం ఎవరికీ దాటలేదు కాబట్టి అందరికంటే వెనకబడ్డ మసాలా దోశ పోటీలోంచి తప్పుకుంటుంది. దాని 9 చీటీలూ విప్పి రెండో అంకె ఎక్కడుందో చూస్తాం. 7 పెసరట్టుకి, 1 ఉప్మాకి. మిగిలిన ఒక చీటీలో రెండో అంకే లేదు, అది మురిగిపోయినట్టే. పెసరట్టు 17, ఉప్మా 12. లెక్కలో మిగిలిన 29లో పెసరట్టుకి సగం దాటింది. అంతే పద్ధతి.

ఇది మనకి కొత్తేమీ కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాగే అంకెలు వేస్తారు, రాత్రీ పగలూ ఎలిమినేషన్ రౌండ్లు లెక్కపెడతారు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో బ్యాలెట్ మీద 15 పేర్లు. వి.వి. గిరికి మొదటి ప్రాధాన్యత ఓట్ల విలువ 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కి 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. గిరికి అంత రాలేదు. వెనకబడ్డవాళ్ళందరినీ తప్పించి వాళ్ళ రెండో ప్రాధాన్యతలు పంచాక గిరి 4,20,077 దగ్గరా సంజీవరెడ్డి 4,05,427 దగ్గరా ఆగారు. ఇద్దరూ తెలుగింటివాళ్ళే కావడం వేరే ముచ్చట.

ఇక మేన్ కథ. 2010లో అక్కడ గవర్నరు పదవికి పోటీ చేసినవాళ్ళలో రిపబ్లికన్ అభ్యర్థి పాల్ లెపేజ్ 37.6 శాతంతో గెలిచారు. స్వతంత్ర అభ్యర్థి ఎలియట్ కట్లర్‌కి దాదాపు 36 శాతం, డెమోక్రాట్ అభ్యర్థికి 19 శాతం. నూటికి అరవైమందికి పైగా వేరేవాళ్ళకి వేశారు, గెలిచింది మాత్రం ఆయన. అదే ఏడాది ఆ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరవాసులు తమ మేయరుని ఇకమీద వరస అంకెల పద్ధతిలో ఎన్నుకుంటామని ఓటేశారు. 2011లో ఆ మేయరు పదవికి 15 మంది నిలబడ్డా లెక్కింపు సాఫీగా జరిగింది. ఈ పద్ధతి రాష్ట్రమంతటికీ కావాలని తిరిగినవాళ్ళకి తరవాత బాగా అక్కరకొచ్చిన మాట ఇదే: "పోర్ట్‌లాండ్‌లో చేశారు, ఏమీ కొంప మునగలేదు." ఊళ్ళో ఒకసారి చేసి చూపించినదాన్ని నమ్మినంత తేలిగ్గా జనం కాగితం మీది వాదాన్ని నమ్మరు.

మేన్‌లో ఓటర్లే చట్టం ప్రతిపాదించవచ్చు. అంతకుముందు గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో పదో వంతు మంది సంతకాలు తెస్తే చాలు. 2014 ఎన్నిక లెక్కన అది 61,123. సంతకాలు మొదలుపెట్టేముందే చట్టం పూర్తి పాఠం రాసి రాష్ట్ర కార్యాలయంలో దాఖలు చెయ్యాలి, అధికారులు దాన్ని చూసి ఫారాలకి అనుమతి ఇవ్వాలి. ఆ తరవాత ఒక్క అక్షరం మార్చడానికి లేదు. అందుకే ఈ దశలో తొందరపడినవాళ్ళు చివర్లో ఏడుస్తారు. వీళ్ళు ఏడవలేదుగానీ, ఇక్కడ పెట్టిన ఒక మెలిక తరవాత మెడకి చుట్టుకుంది. దానికి వస్తాను.

సంతకం పెట్టించడం చూడ్డానికి సులువు. అసలు తంటా చెల్లే సంతకం పెట్టించడంలో ఉంది. పెట్టినవాళ్ళు ఓటరుగా నమోదై ఉండాలి. తమ పేరు, చిరునామా, తేదీ ఉండాలి, సంతకం తమ చేత్తోనే పెట్టాలి. "మా ఆయన బడలిపోయి పడుకున్నాడు, ఆయనది కూడా నేనే పెట్టేస్తా" అని ఇంటావిడ పెన్ను అందుకుంటే నవ్వుతూనే ఆపాలి, లేకపోతే ఆ సంతకం పోతుంది. కాగితం తిప్పినవాళ్ళు ప్రతి సంతకాన్నీ కళ్ళారా చూసి ఉండాలి. కాగితాన్ని కాఫీ హోటల్ బల్లమీద వదిలేసి సాయంత్రం వచ్చి తీసుకుంటానంటే కుదరదు. చివరికి నోటరీ ఎదుట, ఇవన్నీ నా కళ్ళముందే పెట్టారని ప్రమాణం చేసి సంతకం చెయ్యాలి. ఈ ప్రమాణం చివరి పని. ప్రమాణం అయ్యాక అదే కాగితంలో మిగిలిన ఖాళీ గీతల్లో ఇంకో ఇద్దరి చేత పెట్టిస్తే ఆ ఇద్దరివీ చెల్లవు.

నోటరీ గురించి ఇంకో మాట. 2016లో అదే రాష్ట్రంలో గంజాయి చట్టం కోసం వేరే బృందం తెచ్చిన కాగితాల్లో ఒకే నోటరీ సంతకం రికార్డులో ఉన్నదానితో సరిపోలడం లేదని 17 వేలకు పైగా ఓటర్ల సంతకాలు పక్కన పెట్టేశారు. కోర్టుకెళ్ళి మళ్ళీ తెచ్చుకున్నారనుకోండి. అయినా అన్ని కాగితాలూ ఒక్క నోటరీ చేతిమీదుగా నడపకూడదని అందరికీ తెలిసొచ్చింది.

ఆ తరవాత ఊరి క్లర్కులు. మేన్‌లో 500 దాకా ఊళ్ళున్నాయి. ప్రతి సంతకాన్నీ ఆ ఊరి ఓటర్ల జాబితాతో సరిచూసి ముద్ర వేసేది ఆ ఊరి క్లర్కే. ఒకే కాగితం మీద నాలుగు ఊళ్ళవాళ్ళు సంతకం పెట్టారనుకోండి, ఆ ఒక్క కాగితం నలుగురు క్లర్కుల దగ్గరికీ తిరగాలి. అందుకని అనుభవమున్నవాళ్ళు అట్టకి ఒకటి కాదు, మూడు నాలుగు కాగితాలు పెట్టుకుంటారు, ఊరికొకటి. "ఏ ఊరండీ మీది?" అన్నది మొదటి ప్రశ్న, పేరు తరవాత. గడువు ఇంకా ఉందిగా అని కాగితాలు ఇంట్లో దాచుకునేవాళ్ళు ఇంకో తలనొప్పి. క్లర్కులకి వాళ్ళ గడువు రాష్ట్ర కార్యాలయం గడువుకంటే ముందే ముగుస్తుంది, ఆఖరి వారం అందరూ ఒక్కసారే వచ్చి పడితే వాళ్ళూ మనుషులే. వారం వారం కాగితాలు వెనక్కి తెప్పించుకునే మనిషి ఒకరు ప్రతి జిల్లాకీ ఉండాలి. మీటింగుల్లో మాట్లాడేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు, ఈ మనిషి దొరకడమే కష్టం.

ఎంత జాగ్రత్తపడ్డా నూటికి పదిహేను ఇరవై సంతకాలు కొట్టుకుపోతాయని లెక్కేసుకోవాలి. అంటే 61,123 కావాలంటే 77 వేలకి తగ్గకుండా పోగెయ్యాలి.

మరి ఎక్కడ పోగెయ్యాలి? ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రం దగ్గర. అక్కడికి వచ్చేవాళ్ళందరూ నమోదైన ఓటర్లే, అందరూ ఆ ఊరివాళ్ళే, కాబట్టి ఒకే కాగితం సరిపోతుంది. ఓటేసి బయటికొచ్చేవాళ్ళనే అడగాలి, లోపలికి వెళ్ళేవాళ్ళని ఆపకూడదు, ఆ రోజు బ్యాలెట్‌లో ఉన్న వేరే విషయాల మీద నోరు మెదపకూడదు. 2014 నవంబరు ఎన్నికల రోజున బల్లలు వేసుకుని వీళ్ళు మొదలుపెట్టింది ఇలాగే. బజారులో ఒక రోజంతా నిలబడినా ఇంత పని జరగదు. సామాను ఏమీ లేదు: గట్టి అట్టలు మూడు, గాలికి కాగితం ఎగరకుండా రబ్బరు బ్యాండ్లు, దారంతో కట్టిన పెన్నులు, జేబులో ఇంకో రెండు. అక్కడి చలికి బయటున్న పెన్ను గడ్డకట్టి రాయదు, ఒంటి వెచ్చదనంలో ఉన్నదే రాస్తుంది.

మాట్లాడటం గురించి నా అభిప్రాయం ఒకటి చెప్తాను. "ఈ పద్ధతి ఉంటే ఫలానా ఆయన గెలిచేవాడు కాదు" అని మొదలుపెట్టకూడదు. సగం తలుపులు అక్కడే మూసుకుంటాయి. మేన్‌లో లెపేజ్ మీద కోపం చాలామందిని రోడ్డెక్కించింది, నిజమే. కానీ ఆయన పార్టీవాళ్ళు ఇది తమమీద పన్నిన ఎత్తు అనుకోవడానికీ అదే కారణం, ఆ అనుమానం ఇప్పటికీ పోలేదు. నచ్చినవాళ్ళకి 1 వెయ్యండి, అది వృథా అవుతుందన్న భయం అక్కర్లేదు, అని చెబితే ఏ పార్టీ మనిషైనా కాసేపు నిలబడి వింటాడు.

2016 నవంబరులో ఐదో ప్రశ్నగా ఇది బ్యాలెట్‌కెక్కింది. 3,88,273 మంది అవుననీ 3,56,621 మంది కాదనీ వేశారు, 52 శాతం. గెలిచాం అనుకున్నారు. అప్పుడే ఆ మెలిక బిగుసుకుంది. ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్ళే గవర్నరు అని ఆ రాష్ట్ర రాజ్యాంగంలో 1880లో రాసుకున్నారు, సగం దాటాలన్న నిబంధనతో అంతకుముందు పెద్ద గొడవై. చట్టం రాసినవాళ్ళు గవర్నరు ఎన్నికనీ రాష్ట్ర శాసనసభ్యుల ఎన్నికల్నీ కూడా అందులో కలిపేశారు. 2017 మేలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ ఎన్నికలకి ఈ పద్ధతి రాజ్యాంగంతో పొసగదని సలహా ఇచ్చింది. అదే అదనుగా శాసనసభ అక్టోబరులో మొత్తం చట్టాన్నే 2021 డిసెంబరు దాకా వాయిదా వేసి, అప్పటికి రాజ్యాంగం మారకపోతే రద్దయ్యేట్టు ఇంకో చట్టం చేసింది.

మళ్ళీ అట్టలు బయటికొచ్చాయి. శాసనసభ చేసిన చట్టాన్ని ఆపమనడానికి కూడా అక్కడ సంతకాలు పెట్టొచ్చు, గడువు మాత్రం 90 రోజులు. మళ్ళీ అదే 61,123, ఈసారి నడి చలికాలంలో. నవంబరు 7న పోలింగ్ కేంద్రాల దగ్గర నిలబడ్డారు, ఫిబ్రవరి మొదట్లో కాగితాలు అప్పజెప్పారు. సంతకాలు సరిపోయాయని తేలగానే వాయిదా చట్టం దానంతటదే ఆగిపోతుంది. అందుకే 2018 జూన్ 12న ఒక వింత జరిగింది. పార్టీల అభ్యర్థుల్ని ఎంచుకోవడానికి ఓటర్లు వరస అంకెల పద్ధతిలో ఓటేశారు, అదే రోజు ఆ పద్ధతి ఉండాలా వద్దా అని కూడా ఓటేశారు. దాదాపు 54 శాతం ఉండాలన్నారు. ఇందులోనూ చిక్కు ఉంది: అడిగిన ప్రశ్న "వాయిదా చట్టాన్ని తిరస్కరిస్తారా" అని. పద్ధతి కావాలనుకున్నవాళ్ళు "అవును" గుర్తు పెట్టాలి. కాదనడానికి అవునని వెయ్యాలంటే ఎవరికైనా తికమకే, కాబట్టి ఆఖరి నెలంతా తలుపు తట్టి చెప్పింది ఇదొక్కటే.

ఆ నవంబరులో, న్యాయస్థానం సలహా తగలని అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ఎన్నికలో, మేన్ రెండో నియోజకవర్గంలో రిపబ్లికన్ బ్రూస్ పోలిక్విన్‌కి 1,34,184, డెమోక్రాట్ జారెడ్ గోల్డెన్‌కి 1,32,013, మిగతా ఇద్దరికీ కలిపి 23 వేల పైచిలుకు. ఆ ఇద్దరినీ తప్పించి వాళ్ళ ఓట్లు పంచితే గోల్డెన్ 1,42,440తో గెలిచారు, పోలిక్విన్ 1,38,931 దగ్గర ఆగారు. పోలిక్విన్ కోర్టుకెళ్ళారు, న్యాయమూర్తి ఒప్పుకోలేదు. లెక్కింపుకి చిన్న ఊళ్ళ బ్యాలెట్లన్నీ బండ్లమీద రాజధాని అగస్టాకి చేర్చాల్సొచ్చి ఫలితం తొమ్మిది రోజులకి వచ్చింది. చివరి రౌండులో 8,253 ఓట్లు లెక్కలో లేవు, చాలావరకు తరవాతి అంకెలు వెయ్యనివి. ఈ ఆలస్యాన్నీ ఈ మురిగిన ఓట్లనీ దాచకుండా ముందే చెప్పుకోవాలి. మనం చెప్పకపోతే ఎదుటివాళ్ళు చెబుతారు.

ఈ పద్ధతిలో ఇంకో లోపముంది. మన టిఫిన్ పోటీలో ఇడ్లీ కూడా నిలబడిందనుకోండి. ఇడ్లీ అంటే ఎవరికీ అయిష్టం లేదు, అందరికీ రెండో అంకె అదే. కానీ మొదటి అంకెలు నాలుగే పడితే మొదటి రౌండులోనే అది వెళ్ళిపోతుంది. ఒక్కొక్కదానితో విడివిడిగా పోటీ పెడితే అన్నింటినీ ఓడించేదే అయినా సరే. వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్టన్‌లో 2009 మేయరు ఎన్నికలో ఇలాంటిదే జరిగింది, మరుసటి ఏడాదే ఓటర్లు ఆ పద్ధతిని తీసేశారు. మళ్ళీ 2021లో నగర మండలి ఎన్నికలకి తెచ్చుకున్నారు.

మన దేశంలో సంతకాలతో చట్టం తెచ్చే వీలు లేదు, ఓటు పద్ధతి మార్చాల్సింది పార్లమెంటే. కానీ బడిలో క్లాసు లీడరు ఎన్నికకో అపార్ట్‌మెంటు సంఘానికో చేసి చూపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అరచేతిలో పట్టే చీటీలు, అందరికీ ఒకే రంగు పెన్ను. ఎమ్మెల్సీ ఎన్నికల నియమాలే పెట్టుకోండి: టిక్కు కాదు అంకె, "ఒకటి" అని అక్షరాల్లో రాయకూడదు, 1 ఒక్కరికే, చీటీమీద సంతకం పెట్టకూడదు. డిగ్రీలు చదివినవాళ్ళ ఓట్లే ఈ తప్పులతో వేలల్లో చెల్లకుండా పోతుంటాయి, మీరు ముందే ఒక నమూనా చీటీ గోడకి అంటించండి. పోటీలో ఉన్నవాళ్ళకి తలా ఒక పళ్ళెం పెట్టి చీటీలు వెయ్యండి. ఎవరైనా తప్పుకుంటే వాళ్ళ పళ్ళెంలో చీటీలు మాత్రమే కదపాలి, మిగతావి ముట్టుకోకూడదు. మురిగిన చీటీలకి వేరే పళ్ళెం. ప్రతి రౌండు తరవాతా అన్ని పళ్ళాలూ కలిపితే మొదటి లెక్క రావాలి.

దసరా సెలవల్లో టిఫిన్ ఎన్నిక పెట్టి ఫలితం నాకు రాయండి. ఉప్మా గెలిస్తే మాత్రం చీటీలు కూడా జతచెయ్యండి, నేను మళ్ళీ లెక్కపెడతాను.

మీ
తాతయ్య