అష్టమి నాటి సముద్రం

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు 'ర్యూజో' అనే జపాన్ విమాన వాహక నౌక నుంచి వచ్చాయి. అప్పటికే సింగపూర్, రంగూన్, అండమాన్ జపాన్ చేతికి చిక్కాయి. ఇక వీళ్లని ఆపేదెవరు అనిపించిన రోజులవి. కానీ అయిదు నెలలు తిరక్కముందే, ఆగస్టు 24న, ఆ ర్యూజోనే సాలమన్ దీవుల దగ్గర మునిగిపోయింది. పసిఫిక్ యుద్ధం అడ్డం తిరిగింది ఈ మధ్యలోనే.

ఎక్కడ తిరిగిందంటే అందరూ పసిఫిక్‌లో అమెరికా స్థావరమున్న మిడ్‌వే దీవి పేరే చెబుతారు. జపాన్ సందేశాల్లో 'ఏఎఫ్' అనే చోటు మీద దాడి ఉంటుందని అమెరికన్లకు తెలిసింది. అది మిడ్‌వేనా, కాదా? హవాయిలో జపాన్ రహస్య సందేశాలు ఛేదించే రోష్‌ఫోర్ట్ బృందం ఓ ఎర వేసింది: మంచినీళ్ల యంత్రం పాడైందని మిడ్‌వే నుంచి మామూలు భాషలోనే రేడియోలో చెప్పించారు. తర్వాత జపాన్ సందేశంలో 'ఏఎఫ్‌లో మంచినీళ్లకు కొరత' అని వచ్చింది! జూన్ 4న మొదలైన పోరులో జపాన్ నాలుగు విమాన వాహక నౌకలు పోగొట్టుకుంది.

నన్నడిగితే అసలు మలుపు సాలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్. అక్కడ జపాన్ కడుతున్న రన్‌వేని ఆగస్టులో అమెరికన్లు లాక్కున్నారు. దాంతో పగలు ఆకాశం వాళ్లదైంది. జపాన్ ఓడలు రాత్రిళ్లు దొంగచాటుగా రావాల్సి వచ్చింది. అంత హడావిడిలో చాలినంత బియ్యం ఎక్కడ దించుతారు? జపాన్ సైనికులు దానికి 'ఆకలి దీవి' అని పేరు పెట్టుకున్నారు. అక్కడ చనిపోయిన జపనీయుల్లో ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నవి ఆకలి, రోగాలే. మలేరియా అమెరికన్లనీ వదల్లేదు. దాని మందు క్వినైన్ ఇచ్చే చెట్లు పెరిగే జావా జపాన్ చేతిలో ఉండటంతో, బదులుగా అటబ్రిన్ మాత్రలు మింగారు. అవి ఒంటిని పసుపు రంగులోకి మార్చేవి. 1943 ఫిబ్రవరిలో జపాన్ ఆ దీవిని వదిలేసింది.

ఆ నవంబరు 20న, పసిఫిక్ మధ్యలోని తరావా దీవుల్లో, జపాన్ చేతిలో ఉన్న బెటియో మీద అమెరికన్లు దాడికి దిగారు. నాలుగు కిలోమీటర్ల పొడవు కూడా లేని ఇసుక దీవి, చుట్టూ పగడపు దిబ్బ. సైనికుల్ని మోసే పడవలు ఆ దిబ్బ దాటాలంటే సుమారు నాలుగడుగుల నీళ్లుండాలి. సముద్రం పోటుకి అన్ని ఉంటాయనుకున్నారు. ఆ దీవుల్లో ఉండి వచ్చిన ఒక అధికారి ఉండవని హెచ్చరించినా ధైర్యం చేశారు. పోటు రాలేదు. పడవలు దిబ్బకి తట్టుకుని ఆగిపోయాయి. సైనికులు తుపాకులు పైకెత్తుకుని, మెషిన్ గన్లకి ఎదురుగా, వందల గజాలు నీళ్లలో నడిచారు. మూడు రోజుల్లో వెయ్యి మందికి పైగా అమెరికన్లు పోయారు.

పోటు ఎందుకు రాలేదో భౌతిక శాస్త్రవేత్త డోనల్డ్ ఓల్సన్ 1987లో లెక్కగట్టి చెప్పారు. అమావాస్య, పౌర్ణములకి సూర్యుడు, చంద్రుడు ఒకే వరసలో సముద్రాన్ని లాగుతారు కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది. అష్టమికి ఇద్దరూ లంబకోణంలో ఉంటారు; ఒకరి లాగుడు ఇంకొకరిది కొంత తగ్గించేస్తుంది. ఆ రోజులు సరిగ్గా బహుళ అష్టమి ప్రాంతం. పైగా చంద్రుడు తన కక్ష్యలో భూమికి బాగా దూరంగా ఉన్న సమయం. దూరం పెరిగితే పోటు పుట్టించే బలం ఆ దూరం ఘనానికి విలోమంగా పడిపోతుంది, అంటే కాస్త దూరమైనా తేడా బాగా తెలుస్తుంది. రెండూ కలిశాయి, సముద్రం దాదాపు ఉన్నచోటే ఉండిపోయింది.

ఆ దిబ్బని దాటగలిగినవి నేల మీద ట్యాంకులా పాకే ఉభయచర వాహనాలే. అవి చాలినన్ని లేవు. తర్వాతి దాడులకి వాటిని బాగా పెంచారు. రెండు నెలల తర్వాత క్వాజలీన్ దగ్గర, దాడికి ముందే ఈతగాళ్లని పంపి దిబ్బ మీద నీళ్లెంత ఉన్నాయో చూసి రమ్మన్నారు.