డోలు సన్నాయి రికార్డులో ఎందుకు చిన్నబోతుంది

మొన్న ఒక పెళ్ళిలో డోలు సన్నాయి వాళ్ళ పక్కనే కూర్చున్నా, డోలు దెబ్బ ఛాతీకి తగులుతోంది, సన్నాయి మండపం పైకప్పుకి కొట్టుకుని నాలుగు వైపుల నుంచీ వస్తోంది. ఇంటికొచ్చి అదే రాగం మంచి హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుంటే అన్నీ వినిపిస్తున్నాయి గానీ ఆ ప్రాణం లేదు. రికార్డు అంటే కచేరీకి నకలు అనుకుంటాం కదా, మొదటి నుంచీ అది మిషన్ కోసం వేరేగా పాడిన పాటే.

మన దేశంలో గ్రామోఫోన్ కంపెనీ రికార్డింగులు మొదలైంది 1902లో, కలకత్తాలో. కంపెనీ రికార్డింగ్ ఇంజనీరు ఫ్రెడ్ గైస్‌బర్గ్ లండన్ నుంచి మిషన్లు మోసుకొచ్చి పెడితే అక్కడి పేరున్న గాయని గౌహర్ జాన్ పాడింది. మైకు లేదు, ఒక పెద్ద గరాటా, దాని చివర పల్చటి పొర, ఆ పొరకి సూది, కింద తిరిగే మైనం పలక, అంతే. ఆవిడ గరాటాలోకి గట్టిగా పాడి, చివర్లో ఇంగ్లీషులో తన పేరు చెప్పేది, ఎందుకంటే ఆ ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హనోవర్‌లో, అక్కడి వాళ్ళకి ఎవరు పాడారో తెలియాలి కదా. ఆ గరాటా పట్టుకున్నది సుమారుగా 250 నుంచి 2500 హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, ఎక్కువైతే సన్న శ్రుతి) వరకే, మన చెవి 20 నుంచి 20,000 దాకా వింటుంది. గట్టి దరువు పడితే సూది గాడి తప్పుతుందని డ్రమ్ముల్ని దూరంగా జరిపేవాళ్ళు.

టైం సంగతి ఇంకా ఘోరం. పది అంగుళాల ప్లేటుకి ఒక వైపు మూడు నిమిషాలు పైచిలుకు, అంతే. అరగంట ఆలాపన చేసే విద్వాంసుడు దాన్ని మూడు నిమిషాల్లో కుదించాలి. మన పద్యనాటకం సంగతి చూడండి, స్టేజి మీద పద్యం చివర రాగం ఎంతసేపు తియ్యాలన్నది జనం ఊపుని బట్టి ఉండేది, వన్స్ మోర్ అంటే మళ్ళీ ఎత్తుకోవాల్సిందే. అదే పద్యం ప్లేటు మీదకి ఎక్కేసరికి జనం లేరు, రాగం కత్తిరించారు. సినిమా పాట మూడు నాలుగు నిమిషాలు ఉండడం కూడా ఆ ప్లేటు పెట్టిన అలవాటే.

1925లో మైకు రికార్డింగ్ వచ్చాక మెల్లగా పాడినా పట్టింది, తర్వాత టేపు వచ్చింది, తప్పు పడిన ముక్క కోసేసి ఇంకో టేక్‌లోది అతికించొచ్చు. అయినా మద్రాసు స్టూడియోల్లో చాలా ఏళ్ళు సింగరూ ఆర్కెస్ట్రా అంతా ఒకే హాల్లో కలిసే వాయించేవాళ్ళు, ఒకరు తప్పితే అందరూ మొదటి నుంచి. పాత పాటల్లో ఆ ఊపిరి తెలుస్తుందంటే నా దృష్టిలో కారణం అదే. ఒక్కో గొంతునీ వాయిద్యాన్నీ వేరేగా రికార్డు చేసి తర్వాత కలిపే మల్టీట్రాక్ వచ్చాక ఎవరి ముక్క వాళ్ళు విడివిడిగా వచ్చి ఇచ్చి పోతున్నారు, ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకునేదే లేదు.

1982లో వచ్చిన సీడీకి చిన్న సౌండుకీ పెద్ద సౌండుకీ మధ్య 96 డెసిబెల్స్ (సౌండు గట్టితనాన్ని కొలిచే లెక్క) దాకా తేడా పట్టే శక్తి ఉంది. చేసిందేంటి, 90ల నుంచి అందరికంటే మా పాటే గట్టిగా వినపడాలి అని పోటీపడి చిన్న సౌండుని పైకి లాగి పెద్దదాని నెత్తి నొక్కేశారు. మృదంగంలో వేలితో మెల్లగా వేసిన దెబ్బకీ అరచేతి దెబ్బకీ తేడా ఉంటేనే కదా అందం, అది పోయింది. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

చెవి సంగతీ ఉంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు తేల్చిందేంటంటే సౌండు తగ్గే కొద్దీ మన చెవికి బేస్, అంటే మంద్రంగా మోగే సౌండు, ఇంకా ఎక్కువగా తగ్గిపోతుంది. ఇంట్లో చిన్నగా పెట్టుకుంటే డోలు ఎడమవైపు గుమ్ము ముందు మాయమయ్యేది అందుకే.

ఇప్పుడు కథ తిరగబడింది. 1997లో వచ్చిన ఆటోట్యూన్, అంటే తప్పిన శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్, స్టేజి మీదకీ ఎక్కింది, వెనకాల ముందే రికార్డు చేసిన ట్రాక్ నడుస్తుంటుంది, అచ్చం రికార్డులో లాగే పాడాడు అన్నది మెచ్చుకోలు అయిపోయింది.

ఆ పెళ్ళిలో ముహూర్తానికి ఇంకా టైం ఉందని సన్నాయి ఆయన అదే రాగాన్ని సాగదీస్తూ కూర్చున్నాడు, ఎక్కడెక్కడికో తీసుకెళ్ళాడు. పంతులుగారు గట్టిమేళం అని చెయ్యి ఎత్తగానే డోలు ఒక్కసారిగా మీద పడింది.